వారంలో సగం పూటలు ఓనరే చూసుకునే గుర్రానికి నెలకు ఎంత అడగాలి?

బుచ్చి_పాక
అందరికీ నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం పక్క పల్లె. గేదెల్ని అమ్మేశాక పాక ఖాళీగా పడి ఉంది. సిమెంటు నేల, పైన రేకులు, పక్కనే బోరు, వెనక ముప్పావు ఎకరం సూపర్ నేపియర్ గడ్డి. నెల్లూరు టౌన్‌లో ఒకాయన మార్వాడీ జాతి ఆడగుర్రం కొన్నాడు. ఇంటి దగ్గర చోటు లేదు, మా పాకలో కడతానంటున్నాడు.

ఆయన చెప్పేదేందంటే, మంగళ, గురువారాలు పొద్దున పూట, శని, ఆదివారాలు రెండు పూటలా తనే వచ్చి లద్దె ఎత్తి, నీళ్లు పెట్టి, దాణా వేసి, మాలిష్ చేసుకుని, సవారీ చేసి పోతాడంట. మిగతా పూటలు మావి. మొత్తం మేమే చూస్తే 12,000 అవుతుందని ఉజ్జాయింపుగా చెప్పా. "సగం పని నాదే కదన్నా, 6,000 తీసుకో" అన్నాడు. వింటే న్యాయంగానే ఉంది. మా ఆవిడ మాత్రం ఆ డబ్బుకు గడ్డి కూడా రాదంటోంది. గుర్రాలు పెట్టినవాళ్లు, పెట్టుకున్నవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. ఆయన్ని ముంచాలని లేదు, మేం మునగాలనీ లేదు.

ఉలవచారు_ఫ్యాన్
మీ ఆవిడ అన్న మాట దగ్గరే ఆగిపోయుంటే ఈ పోస్టు అవసరం లేదు గదన్నా.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
ఆవిడ లెక్కే కరెక్టు. రాసి చూపిస్తాను. రేట్లు మా ఒంగోలు వైపువి, మీ దగ్గర కాస్త అటూ ఇటూ వేసుకోండి.

గుర్రం బరువు 350 కిలోలు అనుకుందాం. రోజుకు ఎండుగడ్డి 5 కిలోలు, కిలో 12 చొప్పున 60. దాణా 2 కిలోలు, అన్నీ కలిపి సగటున కిలో 50 వేసుకుంటే 100. పచ్చిమేత 8 కిలోలు, మీ చేలోదే అయినా ఊరికే రాదు, కిలో 4 వేయండి, 32. ఉప్పు, ఖనిజ మిశ్రమం 10. మొత్తం రోజుకు 202. నెలకు 6,060.

ఆయన ఇస్తానన్న 6,000 ఇక్కడే అయిపోయింది, ఇంకా 60 రూపాయలు మీరే ఎదురు ఇస్తున్నారు. చీపురు ఇంకా పట్టనే లేదు.

అసలు తేడా ఎక్కడొచ్చిందంటే, ఆయన సగం చేసింది పనిని. మీరు సగం చేయబోతున్నది మొత్తం డబ్బును. ఓనరు వచ్చిన రోజున గుర్రం మేత మానేయదు, పాక అద్దె తగ్గదు. తగ్గేది మీ చాకిరీ ఒక్కటే. కాబట్టి దాన్నొక్కదాన్నే పూటల్లో లెక్కేయండి.

నెలకు 60 పూటలు. ఆయన చెప్పిన ప్రకారం వారానికి ఆయనవి 6, మీవి 8. నెల మీద ఆయనవి 26, మీవి 34 పడతాయి. పూటకు గంట పైనే పడుతుంది, కూలి రేటు చూస్తే 90 వేయొచ్చు. 34 పూటలకు 3,060. పాక, కరెంటు, నీళ్లు, కింద పరిచే పొట్టు, అరుగుదల కలిపి 2,000. మేత 6,060 కలిపితే 11,120.

మొత్తం మీరే చేస్తే 60 పూటలకు 5,400 పడేది, అంటే 13,460. మీరు మొదట చెప్పిన 12,000 కూడా తక్కువే.

నెల్లూరు_సవారి
మాస్టారూ, గౌరవంగానే అడుగుతున్నా. నాకూ ఒక గుర్రం ఉంది, నేను కూడా ఇంకొకరి షెడ్డులోనే పెట్టా. మీ లెక్కన మనిషి వారంలో నాలుగు రోజులు తెల్లారకముందే లేచి పెన్నా దాటి వచ్చి లద్దె ఎత్తితే మిగిలేది 2,340. పెట్రోలుకే చాలదు. అలాంటప్పుడు ఎవడొస్తాడు?

ఉలవచారు_ఫ్యాన్
రావద్దు సార్. 13,460 ఇచ్చి హాయిగా పడుకోండి.

నెల్లూరు_సవారి
జోకు బాగుంది తమ్ముడూ. నా బాధ వేరే. మేత లెక్క పూర్తిగా షెడ్డువాళ్ల చేతిలో ఉంటే మాకు తెలిసేదేముంది? రెండు కిలోల దాణాకు డబ్బు కడతాం, తొట్టిలో పడేది కిలోనో, కిలోంబావో. ఒకచోట నా గుర్రానికి పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. అడిగితే "ఎండలకి తగ్గింది సార్" అన్నారు. ఆ ఎండల్లోనే వాళ్ల గేదెలు నిగనిగలాడుతున్నాయి.

బరాత్_బండి_కావలి
ఇందుకు మందు చాలా తేలిక. దాణా ఓనర్నే కొని తెమ్మనండి. మూతున్న డ్రమ్ములో పోసి, కొలతకు ఒక డబ్బా లోపలే పెట్టమనండి. పూటకు ఒక డబ్బా. పదిహేను రోజుల్లో అవ్వాల్సింది పది రోజుల్లో అయిపోయినా, ఇరవై రోజులు వచ్చినా ఇద్దరికీ కనపడుతుంది. నేను రెండు పెళ్లిగుర్రాలు మేపుతూ, బయటివి కూడా ఒకటీ అరా పెట్టుకుంటా. ఈ పద్ధతి వచ్చాక తగాదాల్లేవు.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
మంచి మాట. అప్పుడు దాణా, ఖనిజ మిశ్రమం ఖర్చు రోజుకు 110, నెలకు 3,300 మన లెక్కలోంచి పోతాయి. 11,120లో తీసేస్తే 7,820. ఓనరు చెవికి కూడా ఈ అంకె కాస్త ఇంపుగా ఉంటుంది.

పశువైద్యం_రిటైర్డ్
పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. డబ్బు సంగతి మీరు చూసుకోండి. గేదెల పాకలో గుర్రాన్ని కట్టేముందు నాలుగు మాటలు చెబుతాను, ఎందుకంటే వీటికీ ఖర్చుంది.

గుర్రం నెమరు వేయదు. పొట్ట చిన్నది. వాంతి చేసుకోవడం దానికి చేతకాదు. అందుకే తిన్నది పడకపోతే శూల వచ్చి గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. గేదెకు వేసినట్టు పొద్దున ఒక మోపు, సాయంత్రం ఒక మోపు పడేసి వెళ్తే కుదరదు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. రాత్రి పడుకునేముందు ఒకసారి గడ్డి వేయాలి. మాస్టారు రెండు పూటలే లెక్కేశారు, ఆ మూడోది మీ ఇంటివాళ్ల మీదే పడుతుంది.

సూపర్ నేపియర్ ఉంది కదా అని అదే నింపొద్దు. అందులో ఆక్సలేట్లు ఎక్కువ, కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు. దానికి తోడు మనవాళ్లు తవుడు బాగా పెడతారు, తవుడులో భాస్వరం ఎక్కువ. రెండూ కలిసి నెలల తరబడి నడిస్తే ఎముకల్లోంచి కాల్షియం లాగేసి మొహం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. నేపియర్ సగానికి తగ్గించి గరిక పెంచండి. దొరికితే లూసర్న్ గడ్డి కొంచెం కలపండి. వరిగడ్డి కడుపు నింపుతుందే కానీ బలమివ్వదు.

ఇంకోటి, మీ కంచెలో గన్నేరు గానీ ఆముదం గానీ ఉంటే ముందు పీకేయండి. గన్నేరు ఆకులు కొన్ని చాలు గుర్రం పడిపోవడానికి.

బుచ్చి_పాక
గన్నేరు గేటు పక్కనే ఉంది డాక్టరుగారూ. రేపే తీయిస్తా. సిమెంటు నేలకు ఏం చేయమంటారు?

పశువైద్యం_రిటైర్డ్
ఉత్త సిమెంటు మీద రోజంతా నిలబెడితే గిట్టలు, కీళ్లు పాడవుతాయి, మూత్రం పడితే జారుతుంది కూడా. రబ్బరు మ్యాట్ వేసి పైన వరిపొట్టు మందంగా పరచండి. మ్యాట్ ఒక్కసారి ఖర్చు, సగం సగం పెట్టుకోండి.

దానికంటే ముఖ్యమైనది, గుర్రం లోపలికి రాకముందే గ్లాండర్స్ రక్తపరీక్ష రిపోర్టు అడగండి. మనుషులకూ అంటుకునే జబ్బు అది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా చెప్పాల్సిన జాబితాలో ఉంది. తేలితే ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. ఖాయం చేసే పరీక్ష హర్యానాలోని హిసార్ గుర్రాల పరిశోధన కేంద్రంలో జరుగుతుంది. మీ దగ్గరి పశువైద్యశాలలో అడిగితే రక్తం తీసి పంపే దారి చెబుతారు. ధనుర్వాతం టీకా, నట్టల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించడం, లాడాలు, ఇవన్నీ ఓనరు ఖర్చు. మీ నెల రేటులో కలపొద్దు.

కొత్తపట్నం_రైడర్
ఇక్కడంతా షెడ్డువాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు కాబట్టి నా అనుభవం కూడా రాస్తా. నా గుర్రాన్ని ఒకరి దగ్గర ఇదే సగం సగం పద్ధతిలో పెట్టాను. రేటు తక్కువ చెప్పారు, సంతోషపడ్డాను. ఒక శనివారం వెళ్లి జీను వేయబోతే వెనక్కి తగ్గింది. ఎప్పుడూ అలా చేయదు. జూలు అయిపోయి వీపు మొదలయ్యే చోట చెయ్యి పెట్టి చూశా. వెంట్రుకలు అట్టకట్టి గట్టిగా తగిలాయి. తడిగుడ్డతో నానబెట్టి తీస్తే కింద అరచేతి మందాన పుండు, లోపల పచ్చి. నా జీనుతో అయిన పుండు కాదది, నా జీను ఆ చోట తగలదు. తర్వాత తెలిసిందేమంటే నేను రాని రోజుల్లో సాయంత్రాలు బీచ్‌లో పిల్లల్ని ఎక్కించి డబ్బు చేసుకుంటున్నారు, ఎవరిదో పాత జీను వేసి. తక్కువ రేటు ఎలా గిట్టుబాటు అయిందో అప్పుడు అర్థమైంది.

బుచ్చి అన్నా, మీరు అలా చేస్తారని కాదు. ఓనరుకు గిట్టుబాటు కాని రేటు చెబితే ఆయన మానేస్తాడు, అంతే. షెడ్డుకు గిట్టుబాటు కాని రేటుకు ఒప్పుకుంటే ఆ తేడాను గుర్రం కడుతుంది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

నెల్లూరు_సవారి
అక్కా, నిజం. తక్కువ రేటుకు నేనూ పడ్డా.

బరాత్_బండి_కావలి
మేడమ్ చెప్పింది దొంగతనం. అదే పని ముందే ఒప్పుకుని చేస్తే ఇద్దరికీ లాభం. మాఘం, ఫాల్గుణంలో, శ్రావణంలో గుర్రాలు దొరక్క మేం బయటి ఊళ్ల నుంచి తెప్పిస్తాం. ఆడగుర్రం కాబట్టి నెమ్మది. నెలకు రెండు బరాత్‌లకు పంపితే బుచ్చి అన్న పూటల డబ్బు అక్కడే వచ్చేస్తుంది, ఓనరు మేత ఒక్కటీ ఇచ్చుకుంటే చాలు. ఇంగ్లండ్‌లో రైడింగ్ స్కూళ్లవాళ్లు ఓనరు గుర్రాన్ని పాఠాలకు వాడుకుని ఫీజు తగ్గిస్తారు కదా, ఇదీ అంతే.

పశువైద్యం_రిటైర్డ్
అక్కడ వాడేది మెత్తని మైదానంలో, గంట లెక్కన, సవారీ నేర్పే మాస్టారి కళ్లముందు. ఇక్కడ తారురోడ్డు, డీజే, కాళ్ల దగ్గర టపాసులు, పైన షేర్వానీలో ఎన్నడూ గుర్రమెక్కని పెళ్లికొడుకు. దానికి అలవాటు పడిన గుర్రాలు వేరు. సవారీకి కొన్న మార్వాడీని తీసుకెళ్లి డీజే ముందు నిలబెడితే ఎవరి కాలైనా విరుగుతుంది. ఆ కాలి ఖర్చు ఎవరిదో ముందే రాసుకున్నారా?

బరాత్_బండి_కావలి
అలవాటు చేయాలి సార్, మొదటి రోజే డీజే ముందుకు ఎవడు తీసుకెళ్తాడు. ఏదో సలహా చెప్పా. వద్దంటే వద్దు.

కొత్తపట్నం_రైడర్
వద్దు.

పెన్నా_గట్టు
కోవూరు నుంచి. రేటు కంటే నాకు ముఖ్యంగా అనిపించేది, ఓనరు రాని పూట సంగతి. గుర్రం పెన్నాకు ఇవతల, ఓనరు అవతల. 2021 నవంబరులో ఏరు పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైళ్లు ఆగిపోయాయి. నెల్లూరు కళ్లముందు కనిపిస్తుంటే పోలేకపోయాం. అంత వరద ఏటా రాదనుకోండి. కానీ మనకు వాన పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను ముసురు పడితే శని, ఆదివారాలు కూడా టౌన్ మనిషి గడప దాటడు. "అన్నా, ఈ రోజుకు మీరే చూడండి" అని మెసేజ్ పెడతాడు. ఒక్కోసారి అదీ ఉండదు. మీరు ఏడింటి దాకా ఎదురుచూస్తారు, గుర్రం ఆకలితో తలుపు తంతుంటుంది.

పైగా ఆ నెలల్లోనే పని ఎక్కువ. బురదలో నిలబడితే గిట్ట అడుగున మెత్తగా మూడు మూలలుగా ఉండే భాగం కుళ్లి నల్లగా, కంపుకొడుతుంది. రోజూ గిట్ట ఎత్తి, మట్టి తీసి, ఆరనివ్వాలి. అది కూడా పూటలో భాగమేనని ఓనరుతో ఒప్పించుకో అబ్బయా.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
దీనికి నా సలహా. ముందురోజు రాత్రి ఎనిమిది లోపు చెబితే ఆ పూటకు మామూలు 90. చెప్పకుండా ఎగ్గొడితే 180. మీరు ఆయన పూట చేసినా, ఆయన మీ పూట చేసినా గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు. నెలాఖరున కూడిక, తీసివేత. మీ ఇంట్లో పెళ్లో పేరంటమో ఉండి ఆయన మీ పూట చేస్తే ఆయనకూ 90 తగ్గించాలి మరి.

నెల్లూరు_సవారి
180 అంటే జరిమానా లాగా ఉంది. స్నేహం చెడుతుంది.

పెన్నా_గట్టు
డబ్బు మాట్లాడుకోకపోతేనే చెడుతుంది సార్. ముసురులో మోకాలి దాకా లుంగీ ఎగ్గట్టి లద్దె ఎత్తేవాడికి లోపల ఏముంటుందో మీకు తెలీదు.

పశువైద్యం_రిటైర్డ్
వానల తర్వాత జోరీగలు లేస్తాయి, వాటితో సర్రా అనే జబ్బు వస్తుంది. జ్వరం వచ్చి పోతూ, గుర్రం సన్నబడుతూ, కాళ్లు వాచి, నడక తూలుతుంది. "ఎండలకు తగ్గింది" అన్న సవారి గారి గుర్రానికి కూడా రక్తం చూపించి ఉండాల్సింది. ప్రతిదానికీ దాణా దొంగే కారణం కాదు. రాత్రి గుర్రం పొర్లుతుంటే, పొట్ట వైపు తిరిగి తిరిగి చూస్తుంటే ఓనరు ఫోన్ ఎత్తేదాకా ఆగొద్దు. పశువుల అంబులెన్సు నంబరు 1962కు, దగ్గరి డాక్టరుకు ఫోన్ చేయండి. చికిత్సకు ఎంతవరకు మీరే నిర్ణయం తీసుకోవచ్చో కాగితం మీద ముందే రాయించుకోండి.

బుచ్చి_పాక
మాస్టారూ, ఇంకో అనుమానం. రెండు నెలలు డబ్బు కట్టకుండా తిప్పితే గుర్రాన్ని పట్టుకుని కూర్చోవచ్చా?

లెక్కల_మాస్టారు_ఒంగోలు
పట్టుకుని కూర్చుంటే అది తింటూనే ఉంటుంది. బకాయి మీద బకాయి. ముందే ఒక నెల డబ్బు డిపాజిట్‌గా తీసుకోండి, నెల మొదట్లోనే ఆ నెలది కట్టించుకోండి. ఇంకొకరి సొత్తు మన దగ్గర ఉంచుకున్నప్పుడు మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంతదాన్ని ఎలా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. అంటే కోపంతో మేత తగ్గించినా మీరే దోషి. ఓ పేజీ ఒప్పందం రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి.

జీఎస్టీ అడిగేవాళ్ల కోసం ఒక ముక్క. పశువుల పెంపకం సేవలకు మినహాయింపు ఉంది, కానీ ఆ మినహాయింపులో గుర్రాల పెంపకాన్ని ప్రత్యేకంగా పక్కనపెట్టారు. గేదెలకున్న వెసులుబాటు గుర్రానికి లేదు. అయినా ఏడాదికి సేవల ఆదాయం 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒక్క గుర్రంతో మీరు దాటరు లెండి.

డాక్టరుగారు చెప్పినట్టు నేపియర్ తగ్గించి గరిక పెంచితే రోజుకు ఇంకో 15 పడుతుంది, నెలకు 450. అంటే దాణా ఆయనది అయితే మీ రేటు 8,270.

ఉలవచారు_ఫ్యాన్
రాత్రి మూడో మేతకు ఏం లేదా మాస్టారూ? వదినకు ఓవర్‌టైమ్ వేయరా?

లెక్కల_మాస్టారు_ఒంగోలు
న్యాయంగా వేయాలి. ఓనరు ఒప్పుకోడు. పాక 2,000లో కలిసిందనుకోవడమే.

కొత్తపట్నం_రైడర్
ఎందుకు ఒప్పుకోడు? అడిగితే కదా తెలిసేది. రాత్రి ఎవరో ఒకరు లేచి చూస్తారన్న ధైర్యం కోసమే నేను డబ్బు ఇస్తాను. షెడ్డువాళ్లలో నాకు నచ్చేది అదే. విడిగా 500 అడిగినా ఇచ్చేదాన్ని.

నెల్లూరు_సవారి
నేను ఇవ్వను. పాకకు 2,000 అన్నప్పుడు కాపలా అందులోదే.

*(నాలుగు రోజుల తర్వాత)*

బుచ్చి_పాక
ఆయన్ని పిలిచి మాస్టారి లెక్క కాగితం ముందు పెట్టా. మొదట మొహం మాడ్చాడు. పెన్ను తీసుకుని తనే మళ్లీ లెక్కేసి, గడ్డి దగ్గర రెండుసార్లు ఆగి, చివరికి 8,300 అన్నాడు. ఆ ముప్పై చిల్లరెందుకని తనే కలిపాడు. దాణా ఆయనదే, డ్రమ్ము ఆయనదే. రాని పూటకు 90 ఒప్పుకున్నాడు, చెప్పకపోతే 180కి గొణిగాడు గానీ సంతకం పెట్టాడు. మ్యాట్ సగం సగం. పరీక్ష రిపోర్టు వచ్చాకే గుర్రం వస్తుంది. రాత్రి మేతకు విడిగా ఏమీ ఇవ్వలేదు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు మీకు చెప్పలేను.

గుర్రం ఒక్కతే ఉంటే బెంగపెట్టుకుంటుందని ఆయన అంటే మా మేకపోతును పక్కన కడతానన్నా. దానికి డబ్బు అడగలేదు.

ఒక్కటే తెగలేదు. లద్దె. నేను చేలో వేసుకుందామనుకుంటే ఆయన టౌన్‌లో పూలకుండీలకు కావాలంటున్నాడు, వారానికి నాలుగు బస్తాలంట.

పొదలకూరు_నిమ్మ
ఆయన ఎత్తిన పూటలది ఆయనకు, మీరు ఎత్తిన పూటలది మీకు. మీ వాటా మీకు ఎక్కువైతే చెప్పన్నా, బాగా మాగనిచ్చి ఉంచండి, నిమ్మచెట్లకు ట్రాక్టర్ పంపిస్తా. రేటు మాస్టారు చెబుతాడు.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
నెలకు 34 పూటల లద్దె. బస్తా ఎంతకు తీసుకుంటావో ముందు నువ్వు చెప్పు.